కత్తిపీట మీద ఎవరు కూర్చోవాలి

అస్కా,
ఏప్రిల్ 12

ప్రియమైన అమ్మణ్ణి వదినకు,

ప్రియమైన అని రాయడం పద్ధతి కాబట్టి రాశాను, లేకపోతే మానేసేదాన్ని. ఫోన్లో రెండు మాటలు అనగానే నువ్వు పెట్టేస్తావు. మొన్న అమ్మ మాసికానికి వస్తే వంటింట్లో నాకు వీపు చూపించే నిలబడ్డావు. మన కొట్టుకి బెల్లం దింపడానికి పైడయ్య బండి బరంపురం వస్తోంది, వాడి చేతికి ఈ కాగితం ఇస్తున్నాను. కాగితాన్ని పెట్టేయలేవు కదా.

విషయం ఒక్కటే. అమ్మ కత్తిపీట నాకు కావాలి. ఆవకాయకి కాయలు కొట్టేది, పనసచెక్క పీటది. అది మా అమ్మమ్మది, పర్లాకిమిడి నుంచి అమ్మతో వచ్చింది. అమ్మ తర్వాత దాని మీద కూర్చున్నది నేనే. ప్రతి వేసవికీ అస్కా నుంచి వచ్చి మీ ఇంటి కాయలన్నీ కొట్టి వెళ్లిందీ నేనే. అమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు, మీ ఇంట్లో ఈసారి ఊరగాయ పెట్టకూడదు. పెళ్లయినదాన్ని, నా మైల మూడు రోజులతో సరి. మీ జాడీ కూడా నేనే పెట్టి పంపాలి. అలాంటప్పుడు నీకు దాంతో పనేముంది? తాను తినదు, ఒకరిని తిననివ్వదు అన్నట్టుంది నీ వ్యవహారం.

అన్నయ్యని అడిగితే "ఏటంటే పద్మా, మీ ఆడోళ్ల గొడవలోకి నన్ను లాగకండి, మీ వదిన్నే అడుగు" అన్నాడు. కొట్లో పులి, ఇంట్లో పిల్లి.

పైడయ్య సాయంత్రం తిరిగి వస్తాడు. గోనెసంచిలో చుట్టి పంపు.

కోపంగానే,
నీ ఆడపడుచు
సాయిపద్మ


బరంపురం,
అదే రోజు

ప్రియమైన సాయిపద్మకు,

పైడయ్యకి భోజనం పెట్టాను. మీ ఇంటికి అప్పడాల కట్ట ఇచ్చాను. కత్తిపీట ఇవ్వలేదు. ఇవ్వను.

నాకు దాంతో పనేముందని అడిగావు కాబట్టి చెబుతాను, కూర్చుని చదువు. నేను కాపురానికి వచ్చిన మొదటి వేసవిలో ఆ పీట మీద కూర్చోబోయాను. చుట్టాలూ పక్కింటివాళ్లూ అంతా ఉన్నారు. అత్తయ్య నా రెక్క పట్టుకుని లేపేసింది. "నువ్వు లేమ్మా. కోడలు కోస్తే కూర, కూతురు కోస్తే ఆవకాయ. ఎల్లి ముక్కలు తుడు" అంది. నలుగురూ నవ్వారు. నువ్వూ నవ్వావు.

అప్పటి నుంచీ ఏటా అదే తంతు. నువ్వు బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, మహారాణిలా పీట ఎక్కేదానివి. గంటలో కొట్టేసి ఫ్యాను కింద నడుం వాల్చేదానివి. జీడి తీసి, పొర గీరి, ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడిచేసరికి నాకు పొద్దు వాలేది. జీడి రసానికి వేళ్లు పొక్కిపోయేవి. అన్నంలో కలుపుకునేటప్పుడు మాత్రం అందరి నోటా ఒకటే మాట, "పద్మ సేతి ఆవకాయ" అని.

పోయిన వేసవి సంగతి నీకు తెలియదు. అప్పటికి అత్తయ్య మంచం దిగడం లేదు. స్నానం, అన్నం, పక్క మార్చడం అన్నీ నా చేతుల మీదే. కాయలు వచ్చాయి. మనవడికి జ్వరమని నువ్వు రెండు రోజులు ఆగమన్నావు. "నేను కొట్టేస్తాను అత్తయ్యా" అన్నాను. "పద్మ రానీ" అంది. కాయలు మగ్గిపోయి సగం పారబోశాం గానీ నాకు పీట ఇవ్వలేదు. తన ఒళ్లు నా చేతికి అప్పగించిన మనిషి, పీట మాత్రం ఇవ్వలేదు. ఆ మంట నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఇప్పుడు నేను దాని మీద కూర్చుంటున్నాను. పప్పులోకి ఒక్క కాయ కావాలన్నా దాని మీదే టెంకతో కొడుతున్నాను. ఇంటి కప్పేమీ కూలలేదు. వచ్చే ఏడాది ఊరగాయ కూడా దాని మీద కూర్చునే పెడతాను. నువ్వు భోజనానికి రా.

ఇట్లు,
అమ్మణ్ణి


బరంపురం,
ఏప్రిల్ 27

సాయిపద్మకు,

ఈసారి ప్రియమైన లేదు.

మొన్న పన్ను పీకించుకోవడానికి ఆస్పత్రికి వెళ్లాను. నోట్లో దూది కుక్కుకుని రిక్షా దిగితే, పక్కింటి సస్మిత ఎదురొచ్చి "మావుసీ, తుమ నణంద ఆసిథిలే" అంది. ఆడపడుచు వచ్చిందంటే ఒక్క క్షణం సంతోషపడ్డాను సుమా! నా పంటి నొప్పి కనుక్కోవడానికి వచ్చావనుకున్నాను. గోనెసంచి ఆటోలో పెట్టుకుని వెళ్లిపోయావని ఆ తర్వాత చెప్పింది.

మీ అన్నయ్య ఇంట్లోనే ఉన్నారు. ఎందుకు ఆపలేదని అడిగితే "ఆడపిల్ల ఏడిసింది అమ్మణ్ణీ, ఏటి సేస్తాను?" అన్నారు. నేను ఏడిస్తే ఈ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా ఏదైనా ఇచ్చారా? మొన్నటి నుంచి వంట చేయడం లేదు. కూరలు తరగడానికి ఇంట్లో ఏమీ లేదని చెప్పాను. చాకులు ఉన్నాయి. ఆయనకీ తెలుసు. నోరు మూసుకుని హోటల్ ఇడ్లీలు తెస్తున్నారు.

దాన్ని పైడయ్య బండిలో తిప్పి పంపుతానని మాత్రం అనకు. నన్ను నలుగురి ముందు పీట మీంచి లేపారు. నేను ఇంట్లో లేనప్పుడు చాటుగా దాన్ని పట్టుకుపోయావు. అది చాటుగా రావడం నాకు అక్కర్లేదు.

అమ్మణ్ణి


అస్కా,
మే 3

ప్రియమైన వదినకు,

నువ్వు తీసేసినా నేను రాస్తున్నాను చూడు, అదీ నా పెంపకం.

అవును, పట్టుకొచ్చాను. అది మా అమ్మ వస్తువు. ఏడ్చానా అంటే ఏడ్చాను. అమ్మ కాలు వేసే చోట ఆ చెక్క ఎలా అరిగిందో చూశాక నీ అనుమతి కోసం ఆగలేకపోయాను. నువ్వు మా అమ్మకి చేసిన సేవ నేను కాదనను. కానీ చేశావు కాబట్టి కత్తిపీట నీదంటే, ఆవిడ కడుపున పుట్టినందుకు నాకేం మిగలాలి? మా అమ్మవి పట్టుచీరలు నువ్వే ఉంచుకున్నావు. నేను నోరెత్తానా?

ఆవకాయ పెట్టేశాను. జాడీ పంపుతున్నాను. మైల ఇంటికి ఆడపిల్ల పెట్టిన ఊరగాయ వద్దనకూడదు, గుర్తుంచుకో.

నువ్వు లేకపోవడంతో ముక్కలు తుడిచే పని మా కోడలు దివ్యశ్రీ మీద పడింది. సగంలోనే చేతులు మండుతున్నాయంటూ లేచి, "అత్తయ్యా, కాసేపు నేను కొట్టనా, మీరు తుడవండి" అంది. దాని పొగరు చూశావా! ఏకంగా పీట మీద కూర్చోబోయింది. లేపేశాను. ఈ కాలం పిల్లలకి ఓర్పు లేదు.

పన్ను ఎలా ఉంది?

సాయిపద్మ


బరంపురం,
మే 5

సాయిపద్మకు,

జాడీ తిప్పి పంపుతున్నాను. మీ అన్నయ్య నాలుగు ముక్కలు తీసుకున్నారు. నేను ముట్టలేదు.

చీరలు కావాలంటే వచ్చి పట్టుకెళ్లు. అవి నేను ఒక్కసారీ కట్టలేదు. నాకు కావలసింది ఏమిటో నీకు రాశాను, నువ్వు చదవలేదు. చదివి ఉంటే దివ్యశ్రీని లేపిన సంగతి నాకే రాసి, దాన్నే తిట్టమని అడిగేదానివి కాదు.

ఆ పిల్ల చేతులకి కొబ్బరినూనె రాయి. మంట రెండు మూడు రోజులు ఉంటుంది. నాకు ఎవరూ రాయలేదు.

అమ్మణ్ణి


అస్కా,
మే 8

ప్రియమైన వదినకు,

జాడీ తిప్పి పంపుతావా? మా అమ్మ పోయిన ఏడాది, నేను పెట్టి పంపిన జాడీ! పైడయ్య దాన్ని గుమ్మంలో దింపుతుంటే వీధంతా చూసింది. "ఏటమ్మా, మీ వదిన వొద్దందా?" అని ఎదురింటావిడ ఆరా. నా తల ఎక్కడ పెట్టుకోను?

నీ ఉత్తరం కోపంలో బల్ల మీద విసిరేశాను. దివ్యశ్రీ చదివింది. మడిచి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఏదైనా అని ఉంటే బాగుండేది, నాలుగు దులిపేదాన్ని. ఏమీ అనకపోయేసరికి నాకు అన్నం సయించలేదు. కొబ్బరినూనె తీసుకుని వెళితే చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇదంతా నీ వల్లే.

కాబట్టి విను. ఆదివారం పొద్దున్నే అన్నయ్యని వెంటబెట్టుకుని బస్సెక్కు. మళ్లీ కాయలు తెప్పిస్తున్నాను. మీ ఇంట్లో పెట్టకూడదు గానీ మా ఇంట్లో ఏ అడ్డూ లేదు. మైల ఉన్న మనిషి ఊరగాయకి చెయ్యి పెడితే నిలవ ఉండదని మా ఆయన గొణిగారు. పాడైతే పాడవనీ, ఏడాదంతా మజ్జిగన్నం తినండి అన్నాను.

కత్తిపీట వీధి అరుగు మీద వేయిస్తున్నాను. ఎదురింటావిడని, మా తోడికోడళ్లని, అందరినీ పిలిచాను. వాళ్లందరి ముందూ నువ్వు పీట మీద కూర్చో. కింద చాప మీద గుడ్డ పట్టుకుని నేను కూర్చుంటాను. మొత్తం కాయలు నువ్వే కొట్టు. నువ్వు అలిసిపోతే దివ్యశ్రీ కొడుతుంది. నేను లేవను. టెంక ఊడిన ముక్క ఒక్కటి కనిపించినా మాత్రం అందరి ముందే అడుగుతాను, అది మానుకోలేను. సాయంత్రం కత్తిపీట నా చేతులతో నీ ఒళ్లో పెట్టి బస్సెక్కిస్తాను.

ఒక్కటి మాత్రం. మా అమ్మ తప్పు చేసిందని నా చేత అనిపించాలని చూడకు. చచ్చినా అనను. పోయిన మనిషిని వదిలెయ్. ఇక మీదట ఏదైనా నాతోనే దెబ్బలాడు, నేను ఉన్నాను.

కోపం ఇంకా తగ్గని,
నీ పద్మ