ఫిల్టరు కోసం పెద్ద రోడ్డు

ఏమండీ,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, అమ్మాయీ, మన రొట్టెల వ్యానూ. అక్కడ మీరూ, వదినగారూ, అన్నయ్యగారూ, ముఖ్యంగా మీ ఎడమ మోకాలూ కులాసా అని తలుస్తాను. వదినగారు పెట్టేదంతా తిని కూర్చుంటే ఒళ్లు వస్తుంది, కాస్త చూసుకోండి.

మీ ఉత్తరం నెల కిందటే అందింది, జవాబే ఆలస్యమైంది. అమ్మాయి ముందు చదివేసి, "ఇది నీకు రాశారా, బండికి రాశారా?" అని ఒకటే నవ్వు. దాని నవ్వులో తప్పు లేదు. మోకాలి ఆపరేషను చేయించుకుని అక్కగారింట్లో కాలు చాపుకుని కూర్చున్న మనిషి ఆయిలు గురించీ, బెల్టు గురించీ, పొగ గురించీ పేజీన్నర రాశారు. నా గురించి చివర్లో ఒక్క వాక్యం: "నేను వచ్చేస్తే నీకు ఈ బండి బాధ తప్పుతుంది." దానికి జవాబు చెప్పాలనే కూర్చున్నాను. ఫోనులో అయితే నా మాట మధ్యలో అందుకుని మిగతాది మీరే పూర్తి చేసేస్తారు. కాగితం మీద ఆ వీలు లేదు. ముందు మీ ప్రశ్నలు కానివ్వండి.

మొదట ఆయిలు సంగతి. పోయిన ఉత్తరంలో నేను గొప్పగా రాశాను, మన ఇంజను చుక్క ఆయిలు కూడా తాగడం లేదు, ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే పైగా కాస్త పెరిగింది అని. దానికి మీరు కంగారుపడి రాసింది చూసి నాకు భయం వేసింది. నాకేం తెలుసు? డబ్బాలో పంచదార తగ్గితే బెంగ గానీ, పెరిగితే ఎవరైనా బెంగపడతారా? ఆ రోజే గొణుగుడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను పుల్ల బయటికి తీసి, వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, అలవాటు ప్రకారం తనలో తాను ఏదో గొణుక్కున్నాడు. గట్టిగా చెప్పమని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"ఆయిలు పెరగలేదమ్మా. అందులోకి డీజిలు దిగింది."

"ఎలా దిగుతుంది?"

"పొగగొట్టంలో ఫిల్టరు ఉంది కదా, అందులో మసి నిండితే ఇంజను కాస్త ఎక్కువ డీజిలు పోసుకుని ఆ మసిని కాల్చుకుంటుంది. అది కాలేలోపు మీరు కొట్టు ముందు ఆపేస్తారు. మళ్లీ మొదలెడుతుంది, మళ్లీ ఆపేస్తారు. కాలని డీజిలు ఎక్కడికి పోతుంది? కిందికి జారి ఆయిలులో పడుతుంది."

"పడితే?"

"ఆయిలు పలచబడుతుంది. అలాగే తిప్పితే బేరింగులు అరిగిపోతాయి. ఇంక నా దగ్గరికి రావక్కర్లేదు, తిన్నగా తుక్కు కొట్టుకి పోవచ్చు."

పాత ఆయిలు దింపించి ఆరున్నర లీటర్లు కొత్తది పోయించాను. ఫిల్టరు పూడిపోకుండా మీరు చెప్పిన తక్కువ బూడిద రకమే. డబ్బా మీద ఉన్నది నేనే చదివి చూసుకున్నాను, అతని మాట నమ్మి ఊరుకోలేదు. మీరు ఈ ముక్క చదివి నిశ్చింతగా నిద్రపోవచ్చు.

ఇక ఆ శబ్దం గురించి అడిగారు. చల్లటి ఇంజను స్టార్టు చేయగానే టుస్ టుస్‌మంటోందని నేను చెబితే, అది నీ భ్రమ అన్నారు గుర్తుందా? ఇన్నేళ్లు కుట్టుమిషను తొక్కినదాన్ని, సూది కాస్త మొద్దుబారినా పక్క గదిలోంచి పసిగట్టేదాన్ని, నాకు భ్రమా? మెకానిక్ పైమూత విప్పితే మూడో ఇంజెక్టరు చుట్టూ నల్లటి తారులాంటిది గడ్డకట్టి ఉంది. ఇంజెక్టరు కింద ఉండే చిన్న రాగి వాషరు పోయిందట. ఇంకొన్నాళ్లు ఆగితే ఇంజెక్టరు బిగుసుకుపోయి, తీయడానికి ప్రాణాలు తోడేసేదట. "ఎవరు విన్నారమ్మా ఈ శబ్దం?" అని అడిగాడు. నేనే అన్నాను. అతను గొణగలేదు, తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు ఎంత బాగుందో చెప్పలేను.

టైమింగు బెల్టుకి ఇంకా ఇరవై వేల కిలోమీటర్లు గడువుంది. కానీ బెల్టుకి కిలోమీటర్లే కాదు, వయసు కూడా లెక్కేనని అతనంటున్నాడు. తెగిందంటే వాల్వులూ పిస్టన్లూ ఒకదాన్నొకటి కొట్టుకుని ఇంజను మొత్తం పోతుంది కాబట్టి, వచ్చే సర్వీసుకే మార్పించేద్దామనుకుంటున్నాను. వాటరు పంపు కూడా దాంతోపాటే. ఒకే విప్పుడుకి రెండు పనులు.

లోడుతో వంతెన ఎక్కుతోందా అన్నారు. ఎక్కుతోంది. రెండు లీటర్ల ఇంజను, నాలుగు సిలిండర్లు, పదిహేను వందల తిప్పుళ్ల దగ్గర టర్బో అందుకుంటుంది, అప్పటిదాకా తొందరపడకు అని మీరు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవారు. అప్పుడు అది నాకు పాఠంలా ఉండేది. ఇప్పుడు మీటరు ముల్లు చూడక్కర్లేదు, నా పాదానికే తెలుస్తుంది. మధ్యలో ఒకరోజు వంతెన సగంలో ఈల వేసి లాగడం మానేసింది. టర్బో గొట్టం చీలింది. వెనక లారీవాడు దిగొచ్చి, "ఆడవాళ్లకెందుకమ్మా ఇంత బండి" అన్నాడు. "గొట్టానికి ఆడా మగా తెలియదు బాబూ, కాస్త టేపుంటే ఇవ్వు" అన్నాను. ఇచ్చాడు పాపం. నిదానంగా షెడ్డుదాకా తెచ్చుకున్నాను. అయినా ఆ రోజు రొట్టెలు ఏ కొట్టుకీ ఆలస్యం కాలేదు. బేకరీ యజమాని మీకు చెప్పమన్నాడు, మీరు రొట్టెలు వేసే లైనులో ఇప్పుడు ఫిర్యాదులు లేవని. అంటే అంతకుముందు ఉన్నాయని కాదు, మీరు మళ్లీ ఉడుక్కోకండి.

ఇక ఫిల్టరు లైటు. మీరు రెండుసార్లు గీత గీసి మరీ అడిగారు. సందుల్లో ఆపుతూ తోలుతూ ఉంటే ఫిల్టరు వేడెక్కదు, మసి కాలదు, లైటు వెలుగుతుంది. మెకానిక్ చెప్పిన మందు ఒక్కటే: పెద్ద రోడ్డెక్కి, ముల్లు రెండు వేలకి పైన నిలబెట్టి, ఎక్కడా ఆపకుండా ఓ అరగంట తోలాలి. అలాగే తోలాను. వెళ్లేటప్పుడు వెలిగిన లైటు వచ్చేటప్పటికి ఆరిపోయింది. మొదటిసారి గనుక అద్దాలన్నీ బిగించుకుని, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా తోలాను. రెండోసారి కిటికీ అద్దం దించాను.

ఇప్పుడు ఆ వాక్యానికి వస్తాను.

ఫిల్టరు కోసం పదిహేను రోజులకోసారి వెళితే చాలునని మెకానిక్ అన్నాడు. నేను వారం వారం వెళుతున్నాను. ఈ నెల రోజుల్లో ఆ లైటు మళ్లీ వెలగలేదు, అయినా వెళుతున్నాను. లోడు దింపేసి, ఖాళీ బండితో పెద్ద రోడ్డెక్కి ఐదో గేరు వేస్తే ఇంజను గొంతు తగ్గించుకుని మాట్లాడుతున్నట్టుంటుంది. నన్ను ఎవరూ ఏదీ అడగరు. ఇంట్లో ఎవరో కుట్టమని ఇచ్చిన గుడ్డ కుట్టినన్నాళ్లూ, నా పని ఎవరి ఒంటి మీదో ఉండేది, నేను కుర్చీలో ఉండేదాన్ని. ఇప్పుడు పనితోపాటు నేనూ వెళుతున్నాను. నాకు ఇది బాధ కాదండీ. నాకు చాలా ఇష్టంగా ఉంది.

మీకు చెప్పనిది ఇంకొకటి ఉంది. పోయిన వారం వదినగారు ఫోను చేశారు. డాక్టరు చూశాడనీ, మోకాలు పూర్తిగా కుదిరిందనీ, వచ్చే నెల నుంచి నిక్షేపంలా క్లచ్చి తొక్కొచ్చన్నాడనీ చెప్పారు. "అమ్మయ్య" అన్నాను. వదినగారు కూడా "అమ్మయ్య" అన్నారు. ఫోను పెట్టేశాక నాకు వచ్చిన మొదటి ఆలోచన, "అప్పుడేనా?" అని. మీ కాలు బాగుపడిందంటే నాకు ముందు దిగులేసింది. సంతోషం దాని వెనకాల వచ్చింది. అంత మాట నా మనసులోకి ఎలా వచ్చిందా అని ఆ పూటంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. అమ్మాయి ఏమైందమ్మా అంటే తలనొప్పన్నాను.

మీరు నొప్పితో ఉండాలని నేను కోరుకోలేదు, ఒట్టు. స్టీరింగు నా చేతిలో ఉండాలని కోరుకున్నాను. రెండూ ఒకటి కాదు. కానీ మన ఇంట్లో ఉన్నది ఒకే బండి కాబట్టి రెండూ ఒకటిలాగే కనబడుతున్నాయి. పంచుకుందామంటే పొద్దున లైను ఒక్కటే. డాక్టరు గనుక వద్దనుంటే నాకు అడగక్కర్లేకుండా దక్కేది, పైగా అందరూ నన్ను కష్టపడుతోందని మెచ్చుకునేవారు. ఆయన వద్దనలేదు. అందుకని నోరు తెరిచి అడగాల్సి వచ్చింది. ఆ బండి మీద మీకెంత ప్రాణమో నాకు తెలుసు. ఆసుపత్రి మంచం మీద కూడా తాళాలు తలగడ కింద పెట్టుకున్న మనిషి మీరు. అడగడం నా వంతు, ఇవ్వడం మీ ఇష్టం. కోపం వస్తే రానివ్వండి, నా మీద చిన్నచూపు మాత్రం వద్దు.

వచ్చే నెల మొదటి ఆదివారం మిమ్మల్ని తీసుకురావడానికి నేనే బండి వేసుకుని వస్తాను. వదినగారి గేటు ముందు ఆపుతాను, ఇంజను ఆపను. మీరు సంచి పట్టుకుని బయటికి వస్తారు. నా వైపుకి వస్తే మారు మాట్లాడకుండా పక్క సీటులోకి జరిగి కూర్చుంటాను, దారంతా కబుర్లు చెబుతాను, ముఖం ముడుచుకోను. బండి ముందు నుంచి తిరిగి అటు పక్క సీటు ఎక్కితే, మొదటి గేరు వేస్తాను. వదినగారి ముందు దీని గురించి నోరు విప్పక్కర్లేదు. రెండు తలుపులకీ గడియ తీసే ఉంచుతాను.

ఇట్లు,
మీ భార్య