చప్పుడు ఆగితే లేచేవాడు

సిరిసిల్ల,
డిసెంబర్ 4.

మా రజితక్కకు నీ చెల్లె శ్రీలత ముద్దులు.

ఈ కాలంలో ఉత్తరమేందే అని నవ్వకు. ఫోన్ చేస్తే నీ మాట సగం కూడా అందదు. గోడ అవతలే మామయ్య మరమగ్గాల షెడ్డు, పన్నెండు సాంచెలు ఒక్కసారే నడుస్తుంటాయి. నేను "ఆఁ? ఏందక్కా?" అని నాలుగుసార్లు అడిగితే నువ్వు "ఒర్రకే, నా చెవులు పగులుతున్నయ్" అని విసుక్కుంటావు. వాట్సాప్‌లో రాద్దామంటే ఫోన్ పగలంతా మీ మరిది జేబులోనే ఉంటుంది. ఇది ఆయన చదవకూడదు. అందుకే కోరుట్లలో నీ అంగన్‌వాడీ అడ్రసుకు పోస్టు చేస్తున్నాను.

అక్కా, చందును ఎట్లా పెంచాలో నాకు నిజంగా తెలియడం లేదు. వాడికి పది నెలలు నిండాయి, నేను మాత్రం ఇంకా మొదటి రోజు దగ్గరే ఉన్నాను. స్నానం కాగానే చెవుల్లో రెండు చుక్కల నూనె వెయ్యమంటుంది అత్తమ్మ. వెయ్యొద్దంటుంది ఆశా వర్కర్ మనీషా. రాత్రిళ్లు ఫోన్‌లో చూసే వీడియోల్లో ఒకామె రాగిజావ పెట్టమంటే ఇంకొకామె అప్పుడే వద్దంటుంది. గుడ్డు పెడితే మాటలు ఆలస్యమట, ఎదురింటామె చెప్పింది. నేను అందరికీ తల ఊపుతాను. మొన్న ఎవరి మాటా తీసెయ్యలేక ఒక్క పూటలోనే జావ, అరటిపండు, పప్పుకట్టు మూడూ పెట్టాను. మూడూ నా చీర మీదే కక్కాడు.

ఇదంతా పైపై బాధ. అసలుది రాయడానికి చెయ్యి రావడం లేదు. చందుకు చెవులు వినపడవేమోనని నా భయం.

పిలిస్తే తిరగడు అక్కా. చెయ్యి ఊపితే మాత్రం టక్కున చూస్తాడు, భుజం తడితే నవ్వుతాడు. వెనక నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టాను. కదల్లేదు. ఇంకోసారి కొట్టాను, తన కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని ఆడుకుంటున్నాడు. ఈ వయసు పిల్లలు ఏవేవో ఊసులాడుతారట కదా, వీడు పెదాలు కదుపుతాడు కానీ చప్పుడు రాదు. మొన్న బతుకమ్మకు వచ్చినప్పుడు నువ్వు "వీడు ఉత్త ముచ్చట్లపోగు" అన్నావు. నన్ను ఓదార్చడానికే అన్నావని నాకు తెలుసు.

ఒక్కోసారి నా అనుమానం తప్పేమో అనిపిస్తుంది. మధ్యాహ్నం కరెంటు పోయి సాంచెలు ఆగితే చాలు, వాడు ఉలిక్కిపడి లేచి ఏడుస్తాడు. మళ్లీ నాలో నేనే అనుకుంటాను, సాంచెలు నడిస్తే నేల అదురుతుంది, ఆ అదురు ఆగినందుకు లేస్తున్నాడేమో అని. ఏది నిజమో తెలియక తల తిరిగిపోతున్నది.

తప్పు నాది. నువ్వు పెళ్లయి ఈ చప్పుడు నుంచి బయటపడ్డావు. నేను పదో తరగతి నుంచి షెడ్డులోనే ఉన్నాను, పెళ్లయినా షెడ్డులోకే వచ్చాను. తొమ్మిదో నెల దాకా సాంచెల మధ్య కూర్చుని కండెలు చుట్టాను. అత్తమ్మ వద్దన్నది, మీ మరిది వద్దన్నాడు. ఇంట్లో ఉంటే పొద్దు పోదని నేనే పోయాను. కడుపులో ఉన్నప్పుడే వాడి చెవులు తీసేశాను అక్కా.

ఈ నెల పద్దెనిమిదిన చందును తీసుకుని నీ దగ్గరికి వచ్చేస్తాను. మళ్లీ ఈ ఇంటికి రాను. ఆయనకు ఏం చెప్పాలో తెలియదు. బహుశా ఏమీ చెప్పను.

నీ
శ్రీలత

•

కోరుట్ల,
డిసెంబర్ 9.

పిచ్చి శ్రీలతా,

నీ ఉత్తరం పిల్లల ముందు చదివి ఏడ్చాను. టీచరమ్మ ఏడుస్తుందని ఇద్దరు పిల్లలు కూడా అందుకున్నారు. వాళ్లకు చెరో గుడ్డు చేతిలో పెట్టేదాకా ఊరుకోలేదు. నువ్వు చేసిన పని ఇది.

ముందు నూనె సంగతి. చెవుల్లో చుక్క కూడా వెయ్యొద్దు. పుల్ల పెట్టొద్దు, పిన్నీసు పెట్టొద్దు. పడుకోబెట్టి పాలసీసా నోట్లో పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మానెయ్యి, ఆ పాలు చెవిలోకి పోయి చీము పడుతుంది. కొత్త తిండి ఏదైనా ఒక్కటే మొదలుపెట్టు, మూడు రోజులు అదే పెట్టి చూడు, పడకపోతే దేనివల్లో తెలుస్తుంది. నువ్వేమో ఒక్క పూటలో పెళ్లి భోజనం పెట్టావు, కక్కక ఏం చేస్తాడు? గుడ్డు బాగా ఉడకబెట్టి చిదిమి పెట్టు. మాటలకూ గుడ్డుకూ ఏ సంబంధమూ లేదు. ఇంకోటి, పది మంది మాట వినకు. మనీషా మాట ఒక్కటి విను, అత్తమ్మ మాటకు తల ఊపు. తల ఊపడం నీకు ఎట్లాగూ వచ్చు.

నాకేదో అన్నీ పుట్టుకతోనే తెలిసినట్టు రాస్తున్నాను కానీ, మా ఊర్మిలకు ఏడాది దాటినా పళ్లు రాలేదని నేను మీ బావకు దుబాయికి ఫోన్ చేసి ఏడ్చాను. ఆయన అక్కడ డ్యూటీ వదిలి బాత్‌రూంలో కూర్చుని ఏడ్చాడట. ఆ వారమే రెండు పళ్లు వచ్చాయి. మొదటి బిడ్డ దగ్గర అందరం పిచ్చివాళ్లమే.

చెవుల సంగతి మాత్రం పిచ్చి అని తోసెయ్యను. పళ్లెం పరీక్ష సాంచెలు నడుస్తుంటే చేశావా, ఆగినప్పుడు చేశావా? నాకు తెలిసి నడుస్తుంటేనే చేసి ఉంటావు. నేల అదురు అంటున్నావు, నీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలిసినవాళ్లకు చూపించాలి. జగిత్యాలలో చెవుల డాక్టరమ్మ ఉంది, మా సెంటర్ పిల్లలను ఆమె దగ్గరికే పంపిస్తాను. పద్దెనిమిది దాకా ఆగకు. నాకు ఇక్కడ మీటింగులు ఉన్నాయి, నేను రాలేను. ప్రేమ్‌కుమార్‌తో పో. అవును, ఆయనతోనే. నా ఇంటికి ఎప్పుడైనా రా, ఎన్ని రోజులైనా ఉండు. కానీ మొగుడికి చెప్పకుండా పిల్లాడిని ఎత్తుకుని వస్తే తలుపు తీస్తాను కానీ అన్నం పెట్టను.

నీ అక్క
రజిత

•

సిరిసిల్ల,
డిసెంబర్ 20.

అక్కా,

నీకు అన్నం మిగిలింది. ఆయనకు చెప్పాను.

మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు చెప్పాను, అరవకుండా మాట్లాడుకోవడానికి మాకు దొరికేది ఆ కాసేపే. సాంచెలు ఆగగానే చందు లేచి ఏడుపు మొదలుపెట్టాడు. వాడిని భుజాన వేసుకుని అంతా చెప్పేశాను, కండెల సంగతి, నీ దగ్గరికి వచ్చేద్దామనుకున్న సంగతి. తిడతాడనుకున్నాను. ఆయన చేతులకు అంటిన నూలు పీచు దులుపుకున్నాడు. తర్వాత "ఇన్నొద్దులు ఒక్కదానివే మోసినవా?" అన్నాడు. అంతే. మర్నాడు రెండు సాంచెలు ఆపేసి మాతో జగిత్యాల బస్సెక్కాడు.

పరీక్ష గది చిన్నది, గోడలకు మెత్తటి పరుపులు అంటించినట్టు ఉంది. చందును నా ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. ఒక అమ్మాయి ఎదురుగా కూర్చుని బొమ్మ ఆడిస్తున్నది. డాక్టరమ్మ అద్దం అవతల ఉంది. ఏమీ జరగడం లేదు. అంతలో చందు బొమ్మను వదిలేసి ఎడమవైపు తిరిగాడు. కాసేపటికి కుడివైపు తిరిగాడు. మళ్లీ ఎడమకు.

ఆ అమ్మాయి నవ్వింది. నేను "గిట్లెందుకు తిరుగుతుండు? ఏ చప్పుడూ రాలే గదా" అన్నాను.

మీ మరిది నా ముఖంలోకి చూసి, "అచ్చింది శ్రీలతా. పిట్ట కూసినట్టు మూడుసార్లచ్చింది" అన్నాడు.

అక్కా, చందు చెవులు బంగారంలా ఉన్నాయి. డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. "మీ ఇంట్ల ఎవరన్నా ఎవర్నన్నా పేరు వెట్టి పిలుస్తరా?" అని అడిగింది. మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. సాంచెల దగ్గర పిలిస్తే ఎవరికి వినపడుతుంది? చెయ్యి ఊపుతాం, భుజం తడతాం, దూరంగా ఉంటే ఖాళీ కండె విసురుతాం. వాడు అదే నేర్చుకున్నాడు. పిలుపంటే చెయ్యి ఊపడమే అనుకుంటున్నాడు. తన పేరు చందు అని వాడికి వినపడేలా ఎవరమూ చెప్పనేలేదు.

తర్వాత నన్ను కూర్చోబెట్టారు. చెవులకు డబ్బాల్లాంటివి పెట్టి, చేతికి బటన్ ఇచ్చి, వినపడితే నొక్కమన్నారు. మొదట లావు చప్పుళ్లు కొన్ని వచ్చాయి, నొక్కాను. తర్వాత ఏమీ రాలేదు. మిగతావి ఇంకా మొదలుపెట్టలేదేమో అని బటన్ మీద వేలు పెట్టుకుని బుద్ధిమంతురాలిలా కూర్చున్నాను. ఆమె లోపలికి వచ్చి డబ్బాలు తీసేసింది. "అయిపోయింది" అన్నది.

సన్నటి చప్పుళ్లు నాకు వినపడవట. ఎన్నో ఏళ్లుగా మెల్లమెల్లగా పోయాయట. నీ ఫోన్ అందకపోవడం గోడ అవతలి షెడ్డు వల్ల మాత్రమే కాదు. నువ్వు ఒర్రకే అన్న ప్రతిసారీ నేను మామూలుగానే మాట్లాడుతున్నాను అనుకున్నాను. ఇంట్లో అందరమూ అట్లాగే మాట్లాడుతాం, ఎవరికి తేడా తెలుస్తుంది? నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదనో తెలియదు. సాంచెల మీద కోపగించుకుందామంటే మన ఇద్దరినీ సాకినవి అవే కదా. మీ మరిదిని కూడా పరీక్షకు కూర్చోమంటే "ఇగ నాకెందుకు మేడం" అని తప్పించుకోబోయాడు. నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. ఆయనకూ మొదలైంది, కొంచెమే. షెడ్డులో చెవులకు రబ్బరు బుడిపెలు పెట్టుకొమ్మన్నారు.

ఇదే చప్పుడు పక్కన పెంచితే చందు చెవులు కూడా నిలవవన్నది డాక్టరమ్మ. రాజనర్సు చిన్నమామ ఇంటి మీది గదికి మారాం, షెడ్డుకు రెండు వీధుల అవతల. అత్తమ్మ మూతి ముడిచింది కానీ ఉయ్యాల తానే మోసుకొచ్చింది. అక్కడ మొదటి మధ్యాహ్నం చందు అసలు పడుకోలేదు. పాపం, చప్పుడు ఎటు పోయిందా అని వెతుక్కున్నాడు. రెండో రోజు నేను ముఖం దగ్గర పెట్టి "చందూ" అన్నాను. నా పెదాలు పట్టుకుని చూశాడు. ఈ రోజు వెనక నుంచి పిలిచాను. తిరిగాడు.

అసలు ముచ్చట ఇంకా చెప్పలేదు. ఆ రోజు డాక్టరమ్మ నా చెవికి మిషన్ పెట్టి చూపించింది. ముందు నా గాజుల చప్పుడు వినపడి ఉలిక్కిపడ్డాను. తర్వాత ఒళ్లో ఏదో వినపడింది. కిందికి చూశాను. చందు పెదాలు కదులుతున్నాయి, రోజూ కదిలినట్టే. "ట-ట-ట-ట, టక్. ట-ట-ట-ట, టక్." ఆపకుండా, లయ తప్పకుండా. అక్కా, వాడు నోటితో సాంచె నడుపుతున్నాడు! ఎన్ని రోజుల నుంచి నా ఒళ్లోనే కూర్చుని నడుపుతున్నాడో. నువ్వు ముచ్చట్లపోగు అన్నావు, నేను నమ్మలేదు. అప్పుడు ఏడ్చాను. ఆ గదిలో, మిషన్ పెట్టుకుని, నా ఏడుపు నాకే ఎంత గట్టిగా వినపడిందో చెప్పలేను.

నా మిషన్ శనివారం వస్తుంది. ఆదివారం నేనే ఫోన్ చేస్తాను. నువ్వు నా కోసం గొంతు పెంచకు, మెల్లగా మాట్లాడు. నీ మామూలు గొంతు ఎట్లా ఉంటుందో నేను మరిచిపోయాను.

నీ చెల్లె
శ్రీలత