బాపు మగ్గం గుంట

మధురానగర్

కాంతక్కకు దండాలు. నేను కులాసాగానే ఉన్నాను.

ఇంట్లో బాపు కూర్చుని నేసిన మగ్గం గుంట పూడ్చి టైల్స్ వేయిస్తానని బావ అంటే మొన్న ఫోన్లో సరే అన్నాను. తొందరపడ్డాను.

నిన్న సముద్రం చూద్దామని రైల్లో చీరాల వెళ్లాను. వానాకాలం, సముద్రం దగ్గర జనం లేరు. పక్క ఊళ్లో మగ్గం చప్పుడు విని ఒక ఇంటి ముందు నిలబడ్డాను. "ఏంటండీ, సముద్రం అటుంటే ఇటు చూస్తారేంటి?" అని నేసే ఆవిడ నవ్వింది. మాదీ దుబ్బాకలో నేతిల్లే అంటే లేచి చోటిచ్చింది. గుంటలోకి కాళ్లు దించాను. మగ్గం వదిలి ముప్పై ఏళ్లయినా నా పాదాలు తొక్కుడు చెక్కలను వెతుక్కోలేదు, నేరుగా వాటి మీదే ఆనాయి.

నీ మోకాలి రిపోర్టులు పంపు, పంజాగుట్టలో డాక్టరుకు చూపిస్తాను. పిల్లలకు దీవెనలు.

దసరాకు వస్తాను. అందాక గుంటలో మట్టి పోయనీయకు. ఒక్క పూట అందులో కూర్చుంటాను. తర్వాత ఆ మట్టి నేనే పోస్తాను.

నీ తమ్ముడు
రాజేందర్