తీతు చుట్టూ పరికి కంప

గోదావరిఖని,
20 ఆగస్టు 1972

ప్రాణమైన సువార్తకు,

నువ్వూ, కడుపులో బిడ్డా, అత్తమ్మా క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేను. జ్వరం కాదు, భయం. నీకు రాసిన రెండు ఉత్తరాల్లోనూ అబద్ధాలే రాశాను.

మన పిల్లాడు తీతు సమాధి చుట్టూ పరికి ముళ్లకంప మోకాలెత్తు పెరిగిందని జులైలో రాశాను. మొన్న నడుమెత్తు వచ్చి పూత పట్టిందన్నాను. అక్కడ కంపా లేదు, పూతా లేదు. కాన్పుకు వెళ్తూ ఏమన్నావు? "కంచె మొలిస్తెనే మళ్ల ఖనికొస్త. పందులు తవ్వే జాగల పిల్లగాన్ని పెట్టుకొని నేనుండలేను" అని బస్సెక్కావు. ఆ మాట చెవిలో ఉండగా నిజం రాయడానికి చెయ్యి ఆడలేదు.

చేతులు ముడుచుకుని కూర్చోలేదు సుమా. ఎండుకంప వేస్తే చెద తింటుంది, పచ్చికంపే పెంచాలన్నావు కదా. పరికి గింజలు సంపాదించి, శుభ్రంగా కడిగి, ఆరబెట్టి నలభై నాటాను. ఆరు మొలిచాయి. ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. కుళాయి నీళ్లు తాగడానికే చాలవు. అందుకని బొగ్గుబాయిలోంచి పైకి తోడి కాలువలోకి వదిలే నీళ్లే రోజూ డ్యూటీ దిగగానే రెండు డబ్బాలు మోసి పోశాను. ఆరూ పసుపుపచ్చబడి చచ్చాయి. మేకలు కాసే లింగవ్వ చూసి నెత్తి కొట్టుకుంది. "బాయి నీళ్లు పోస్తవా కొడుకా? గవి తాగితె మేకలే బతుకయి, మొలకలెట్ల బతుకుతయి?" అంది. పదేళ్లుగా ఆ నీళ్లలో నిలబడి బొగ్గు తవ్వుతున్నాను. అది మొక్కను చంపుతుందని నాకు తట్టనే లేదు.

అసలు సంగతి ఇంకా రాయలేదు. తీతు శిలువ లేదు. నువ్వు వెళ్లిన వారానికే చూశాను, పందులు పీకేసి ఉంటాయనుకుని, మనదే అనిపించిన దిబ్బ చుట్టూ గింజలు నాటాను. మొన్న ఒక్క వాన గట్టిగా పడింది. మట్టి కుంగి అక్కడున్న మూడు చిన్న దిబ్బలూ ఒకే తీరుగా అయ్యాయి. ఒకటి నాతో పనిచేసే సదయ్య కూతురిది, ఒకటి ఎవరిదో. మనవాడు దేని కింద ఉన్నాడో నాకు తెలియడం లేదు సువార్తా. బాయిలో దీపం ఆరిపోయినా తడుముకుంటూ దారి పట్టుకునేవాణ్ణి, పట్టపగలు కొడుకు జాగా పోల్చుకోలేకపోయాను. ఇన్నాళ్లూ ఎవరి బిడ్డకు నీళ్లు మోశానో! ఇది చదివాక నువ్వు రావేమోనని అన్నం సహించడం లేదు. తిట్టయినా సరే, రెండు ముక్కలు రాయి.

నీ
యిర్మియా

*

27 ఆగస్టు 1972

బావకు సువార్త వందనాలు.

అబద్ధమని నీ మొదటి ఉత్తరానికే తెలిసింది. నెల తిరక్కుండా మోకాలెత్తు వచ్చే పరికి ఏ దేశంలో ఉంది? రెండోసారి పూత కూడా పూయించావు. అది చదివి అమ్మా నేనూ నవ్వాం. తీతు పోయాక నేను నవ్వడం అదే మొదలు.

ఇప్పుడు నేను ఒప్పుకోవాలి. శిలువను పందులు పీకలేదు. బయలుదేరే ముందురోజు, నువ్వు మొదటి షిఫ్టుకు పోయినప్పుడు నేనే పీకి నా పెట్టెలో బట్టల కింద పెట్టుకున్నాను. వాణ్ణి ఒక్కణ్ణీ వదిలి రావడం నా వల్ల కాలేదు. నీకు చెప్పడానికి సిగ్గేసింది. నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏడ్చాను. నిన్ను గుడ్డివాణ్ణి చేసింది నేనే.

ఖనికి వస్తున్న మా ఎల్లన్న కాక చేతికి గింజల మూట ఇచ్చి పంపుతున్నాను. ఇవి మన మేకలు పండు తిని, నెమరేసి, దొడ్లో ఉమ్మిన గింజలు. నువ్వు కడిగిన గింజల్లాంటివి కావు, బాగా మొలుస్తాయి. ఒక రోజు పేడనీళ్లలో నానబెట్టు. వేలి కణుపు లోతున, జానెడు ఎడంగా నాటు. మొదటి ఏడు చుట్టూ ఎండుకంప అడ్డం పెట్టు, చెద తినేలోపు ఇవి లేస్తాయి. కంచె కావడానికి మూడు వానాకాలాలు పడుతుంది. కుళాయి నీళ్లే పోస్తూ ఉండు, నేను లేను కనుక నా వంతువి మిగులుతాయిగా.

కంచె మొలిచినా మొలవకున్నా కాన్పయి నెల తిరగగానే వస్తాను. అన్నం తిను.

ఆ మూడు దిబ్బల్లో ఏది మనదో నాకు తెలుసు. తుమ్మచెట్టు నుంచి అడుగులు కొలిచి పెట్టుకున్నాను. ఇప్పుడు మాత్రం రాయను. రాస్తే దాని ఒక్కదాని చుట్టే నాటుతావు.

నీ
సువార్త