నాలుగో వీధిలో పడిన తీగ

దిల్‌సుఖ్‌నగర్, జూన్ 9

విద్యుత్ సెక్షన్ ఇంజనీరు గారికి,

నమస్కారం. నిన్న సాయంత్రం గాలివానకు మా నాలుగో వీధిలో, నా గేటుకు రెండడుగుల దూరంలో తీగ తెగి పడింది. పొడవు సుమారు పన్నెండడుగులు. చూపుతోనే లెక్కగట్టాను, దగ్గరికి పోలేదు; వెనక గుమ్మంలోంచే తిరుగుతున్నాను. మీకు ఫోను చేస్తే ఒకటి నొక్కమన్నారు, మూడు నొక్కమన్నారు, తర్వాత పాట వినిపించారు. అందుకే ఈ ఉత్తరం.

వీధికి రెండు వైపులా దూరంగా కుర్చీలు అడ్డం పెట్టాను. ఒక దాంట్లో నేనే కూర్చుని, వచ్చేవాళ్లను వెనక సందులోంచి పంపుతున్నాను. ఎవరైనా తొక్కితే ప్రాణం పోతుంది. వెంటనే మనిషిని పంపండి.

ఇట్లు,
అనంతమ్మ,
విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు

తా.క.: ఈరోజు అరవై ఒక్క మందిని ఆపాను. తీగ సంగతి అందరూ అడిగారు. నా పేరు అడిగింది ఒక్కరే, పక్కింట్లో హాస్టల్ నడిపే గీత. ఆమె వచ్చి ఎనిమిదేళ్లయింది.

* * *

ఎల్బీ నగర్, జూన్ 10

గౌరవనీయులైన అనంతమ్మ గారికి,

తీగ గురించి మీరు రాసిన ఉత్తరం అందింది. తీగలు, పొదలు, చెట్ల కొమ్మలు మా పరిధిలోకి రావు. కనుక దాన్ని తోటల విభాగానికి పంపాము. వారి మనిషి వచ్చి తీగను నిలబెట్టి పందిరి వేస్తారు.

భవదీయుడు,
ధనరాజ్, అసిస్టెంట్ ఇంజనీరు

తా.క.: అది కాకరా, బీరా అని మా గుమస్తా అడుగుతున్నాడు.

* * *

దిల్‌సుఖ్‌నగర్, జూన్ 11

ధనరాజ్ గారికి,

విద్యుత్ కార్యాలయానికి రాస్తూ 'విద్యుత్ తీగ' అనడం పునరుక్తి అనుకున్నాను. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, అవసరం లేని మాట వాడను. ఇకమీదట వాడతాను. విద్యుత్ తీగ. కరెంటు తీగ. ముట్టుకుంటే మనిషి పోయే తీగ.

తోటల విభాగం నుంచి గోపయ్య అనే ఆయన వెదురు కర్రలు, పురికొస ఉండ పట్టుకుని వచ్చాడు. "ఏడుందమ్మా తీగ?" అంటూ నేరుగా దాని మీదికే నడిచాడు. ఆగమన్నాను. నా తరగతి గొంతు ఇంకా పనిచేస్తున్నదని అప్పుడే తెలిసింది. గోపయ్యతో పాటు వెనక వస్తున్న రెండు స్కూటర్లు, ఒక ఆటో కూడా ఆగాయి.

కరెంటు పని తెలిసిన మనిషిని పంపండి.

ఇట్లు,
అనంతమ్మ

తా.క.: గోపయ్య టీ తాగి వెళ్లాడు. మా ఇంట్లో రెండో కప్పు ఫిబ్రవరి తర్వాత మళ్లీ ఈరోజే తడిసింది. అప్పుడు హయత్‌నగర్ నుంచి మా మనవరాలు రమ్య వచ్చింది.

* * *

ఎల్బీ నగర్, జూన్ 13

గౌరవనీయులైన అనంతమ్మ గారికి,

జరిగిన పొరపాటుకు మన్నించండి. గుమస్తాను మందలించాను.

అయితే నిన్నా ఈరోజూ మా లైన్‌మన్ లింగస్వామిని పంపితే మీరు రెండుసార్లూ పని చేయనివ్వకుండా వెనక్కి పంపారట. సిబ్బంది విధులకు అడ్డుపడటం నేరమని మీవంటి చదువుకున్నవారికి చెప్పనవసరం లేదు. సంజాయిషీ రాయగలరు.

భవదీయుడు,
ధనరాజ్

తా.క.: మీ వీధికి పోయిన రెండు రోజులూ లింగస్వామి తన టిఫిన్ డబ్బా విప్పకుండానే ఇంటికి తీసుకుపోయాడు. కారణం చెప్పడం లేదు.

* * *

దిల్‌సుఖ్‌నగర్, జూన్ 14

ధనరాజ్ గారికి,

సంజాయిషీ ఇది. మొదటిరోజు లింగస్వామి రబ్బరు చెప్పులతో వచ్చాడు. చేతులకు తొడుగులు లేవు. కరెంటు ఆపినట్టు 'లైన్ క్లియర్' కాగితం చూపమంటే, ఫోనులో చెప్పారన్నాడు. "ఇరవై ఏండ్ల సంది గిట్లనే చేస్తున్న గదమ్మా" అన్నాడు. ఇరవై ఒకటో ఏడు కూడా చేయాలనే వెనక్కి పంపుతున్నానని చెప్పాను. రెండోరోజు తొడుగులు వచ్చాయి, బూట్లు వచ్చాయి, కాగితం రాలేదు. సోపానాలు లేని లెక్కకు నేను మార్కులు వేయను.

రెండుసార్లూ ఉప్మా పెట్టి పంపాను. అది విధులకు అడ్డుపడటం కిందికి వస్తే రాసుకోండి.

ఇట్లు,
అనంతమ్మ

తా.క.: ఈరోజు నూట నాలుగు మంది ఆగారు. పందొమ్మిది మంది నన్ను పేరు పెట్టి పలకరించారు. నా మోకాలు నొప్పికి మలక్‌పేట దవాఖానకు తోడొస్తానని ఒకావిడ అన్నది. మనిషిని మీకు వీలు చిక్కినప్పుడే పంపండి. తొందరేమీ లేదు.

* * *

ఎల్బీ నగర్, జూన్ 16

గౌరవనీయులైన అనంతమ్మ గారికి,

ఈ ఉదయం లింగస్వామి బూట్లు, తొడుగులు, కాగితంతో వచ్చి, మీ వీధికి గంటసేపు కరెంటు ఆపించి పరీక్షించాడు. అది మా తీగ కాదు. ఎప్పుడో మూతపడిన ఇంటర్నెట్ కంపెనీవాళ్ల కేబులు. అందులో కరెంటు లేదు. కోసి, చుట్టచుట్టి తీసుకొచ్చాడు.

ఈ మాట మొదటిరోజే మీకు చెప్పానంటున్నాడు. మీ ఉత్తరంలో అది లేదు. ఫైలు మూయడానికి మీ వివరణ కావాలి.

భవదీయుడు,
ధనరాజ్

తా.క.: లింగస్వామి ఇప్పుడు తొడుగులు వేసుకునే సంతకం పెడుతున్నాడు. మీరు చూస్తారేమోనని భయమట.

* * *

దిల్‌సుఖ్‌నగర్, జూన్ 17

ధనరాజ్ గారికి,

అవును, చెప్పాడు. నోటిమాట నమ్మి పడిన తీగను ముట్టుకోనివ్వడం తప్పు. ఆ విషయంలో నేను చేసింది సరైనదే. కాని ఆ కాగితం త్వరగా రాకూడదని కోరుకున్నాను. అది నా తప్పు. ఫైలులో రాసుకోండి.

ఈ వీధి నిండా హాస్టళ్లే. ఆరు నెలలకోసారి మనుషులు మారిపోతారు. ఎవరూ ఎవరి గేటు ముందూ ఆగరు. ఆపడానికి నాకు ఒక కారణం దొరికింది.

నిన్న కుర్చీలు లోపల పెట్టేశాను. ఈ సాయంత్రం గేటు దగ్గర నిలబడి చూస్తే అందరూ నేరుగా నడిచిపోతున్నారు. ఒక్క గీత ఆగింది, చేతిలో కూరగాయల సంచితో.

"అమ్మా, సీదా పోవాల్నా, వెనక సందుకెల్లి పోవాల్నా?"

తీగ తీసేశారు కదా, కనబడటం లేదా అన్నాను. అందులో కరెంటు లేదని లింగస్వామి మొదటిరోజే హాస్టలంతా చెప్పిపోయాడని గీత అన్నది. వీధిలో అందరికీ తెలుసట. మరి ఇన్ని రోజులు ఎందుకు చుట్టూ తిరిగి పోయారని అడిగాను.

"నువ్వు ఆపినవ్ గదమ్మా. ఆగినం."

గేటు తెరిచాను. "సీదానే పోవచ్చు, జర ఆగి పో" అన్నాను.

వివరణ ఇంతే. ఫైలు మూసేయండి.

ఇట్లు,
అనంతమ్మ

తా.క.: సంచి మా అరుగు మీద ఉంది. గీత లోపల టీ పెడుతూ, చక్కెర ఎక్కడుందని అడుగుతున్నది. ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను.