శుక్రవారం నాటి కుప్ప మబ్బులు

16-9-68, సోమవారం
ఏడో తరగతికి మబ్బుల పాఠం. వారం పాటు రోజూ ఆకాశం చూసి రాసుకు రమ్మన్నాను పిల్లల్ని. వాళ్లతో పాటు నేనూ — ఈ డైరీలోనే.
ఉదయం బాగా ఎత్తున సన్నటి తెల్లని పీచులు, దూది ఏకినట్టు. సిర్రస్. వీటిలో వాన ఉండదు. వెనక వచ్చేవాటిలో ఉండొచ్చు.
బడి నుంచి రాగానే ఇస్త్రీ మల్లమ్మ పెరట్లోకి పిలిచింది. వెనక మట్టిగోడ కడుపుతో ఉన్నట్టు ఉబ్బింది. దానికే ఆనించి వాళ్ల పెంకుటి గది. అందులో తనూ, తల్లి రాజవ్వా.
"ఇంటాయనకు చెప్పిన టీచరమ్మా. దసరా అయినంక చూద్దమన్నడు."
ఆయన మాకూ అద్దెకిచ్చినాయనే. నేనూ చెప్తానన్నాను.

17, మంగళవారం
సూర్యుడి మీద పల్చటి తెర. చుట్టూ గుడి కట్టింది. మా అమ్మ వరదగుడి అనేది. పిల్లలకు ఆ మాట నచ్చింది.
ఇంటాయనకు చెప్పలేదు. మరిచిపోయాను.

18, బుధవారం
బూడిద రంగు దుప్పటి, ఎక్కడా అంచు లేదు. స్ట్రేటస్. రోజంతా తుంపర. గోడ బీటలో రెండు వేళ్లు పడుతున్నాయి.

19, గురువారం
తెల్లారినప్పటి నుంచి ఒకటే వాన. ఆబిడ్స్‌లో మోకాలి లోతు నీళ్లు. బడి లేదు. గోడలోంచి ఎర్రనీళ్లు కారుతున్నాయి.
నేనే వెళ్లి పిలిచాను — ఇవాళ మా వరండాలో పడుకోండి. చాప, ట్రంకుపెట్టె, జనం ఇస్త్రీకిచ్చిన బట్టల మూటలు... బట్టలు తడవకూడదని రాజవ్వ తను తడిసింది. ఒకటే దగ్గు.
మా ఆయన — "ఎన్నాళ్లు?"
వాన తగ్గేదాకా అన్నాను. తలుపు గట్టిగా వేసుకున్నారు.

20, శుక్రవారం, పొద్దున
కడిగినట్టుంది ఆకాశం. చిన్న చిన్న తెల్లటి కుప్పలు, అడుగు చదునుగా. క్యుములస్. మంచి ఎండ.
"రాత్రంతా ఆ దగ్గుతో నిద్ర లేదు. తేటపడిందిగా, పంపించెయ్." ఆయన గన్‌ఫౌండ్రీలో బ్యాంకుకు వెళ్తూ అన్న మాట.
మల్లమ్మ నన్నే అడిగింది — "మల్ల వాన వస్తదా టీచరమ్మా?"
"రాదులే."
రాజవ్వ చాప చుట్టుకుని గదికి నడిచింది.
తడిసిన నేల మీద ఎండ కాస్తే ఈ కుప్పలే సాయంత్రానికి పెరుగుతాయి. సోమవారం పాఠంలో నేనే చెప్పాను.

21, శనివారం
నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.
మూడు గంటలకు తరగతి కిటికీలోంచి చూస్తే నాంపల్లి వైపు మబ్బు గుట్టలా లేచి ఉంది. అడుగు నలుపు. పైన, కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దాగలిలా వెడల్పుగా పరుచుకుంది. "టీచర్, క్యుములోనింబస్!" — పిల్లలకు సంబరం. సరిగ్గా చెప్పారన్నాను. బోర్డు మీద బొమ్మ కూడా వేశాను.
నాలుగింటికి బడి వదిలారు. రిక్షా ఎక్కితే పది నిమిషాలు. ఎక్కలేదు. స్టాఫ్ రూములో టీ తాగుతూ కూర్చున్నాను. గాలి... ఉరుములు... గంటసేపు వాన.
ఆరింటికి ఇల్లు చేరేసరికి సందు నిండా జనం. గోడ గది మీద పడింది. మా ఆయన నాకంటే ముందే వచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని చేతులతో మట్టి తీస్తున్నారు, గోళ్లు చిట్లి రక్తం. నన్ను చూసి కూడా ఆపలేదు.
మల్లమ్మను బయటికి తీశారు. కాలు నలిగింది, దవాఖానకు తీసుకుపోయారు.
రాజవ్వ పోయింది.

22, ఆదివారం
ఒక్క మబ్బు లేదు.
రాజవ్వను మూసీ ఒడ్డుకు తీసుకెళ్లారు. ఇంటాయన వచ్చి, తలరాత అన్నాడు.

23, సోమవారం
పిల్లలు పుస్తకాలు ఇచ్చారు. శుక్రవారం పేజీలో అందరివీ చక్కటి బొమ్మలు. అన్నిటికీ సంతకం పెట్టాను.

24, మంగళవారం
పొద్దున్నుంచీ ముసురు. బడి అయ్యాక దవాఖానకు. మల్లమ్మకు తొడ దాకా సిమెంటు కట్టు. మొహం వాచింది. నా చెయ్యి తనే పట్టుకుంది.
"మీరు ఫికర్ చెయ్యకుండ్రి టీచరమ్మా. మబ్బుల సంగతి ఎవరికెరుక?"
నాకు తెలుసు మల్లమ్మా — నోటి దాకా వచ్చింది. పక్క మంచాల వాళ్లు చూస్తున్నారు. చెప్పలేదు.
కట్టు వైపు చూసుకుని — "శనారం ఈడికెల్లి పొమ్మంటున్రు. గీ కాలుతోటి ఏడికి పోను? మీ వరండల జర జాగ ఇస్తరా?"
"ఆయన్ని అడిగి చెప్తాను."
నా నోట్లోంచే వచ్చింది ఆ మాట. మల్లమ్మ మెల్లిగా చెయ్యి వదిలింది. "ఔ, అడుగుండ్రి" అంది.
ఇంటికి వచ్చి రెండు గంటలైంది. ఆయన పట్టీలు కట్టిన వేళ్లతో పేపరు పట్టుకుని కూర్చున్నారు. ఎలా ఉందని అడిగారు. కాలు అతుకుతుందట అన్నాను. తల ఊపారు.
మిగతాది ఇంకా అడగలేదు.