మెడలోని చిక్కుడుగింజ

కడోదరా, సూరత్
వానాకాలం, ఆదివారం

అక్కకు, బావకు శంకర్ నమస్కారాలు. ఇక్కడ నేను, సునీత, పిల్ల క్షేమంగా ఉన్నాం. మీరంతా క్షేమమేనా? ఇదివరకు ఈ మాట అలవాటుగా రాసేవాణ్ణి. కరోనా వచ్చినప్పటి నుంచి నిజంగానే అడుగుతున్నాను. బావకు జ్వరం తగ్గాక దగ్గు కూడా పోయిందా? స్రవంతి కాలేజీ ఫోన్లోనే నడుస్తోందా?

నాలుగు రోజులుగా ఫోను ఎత్తడం లేదని కోపం చేయకు. నాకు ఆపరేషన్ అయింది. భయపడకు, మెడకు చిన్నది. అది బాగా జరిగింది, ఇంటికి వచ్చేశాను, అన్నం తింటున్నాను. ఒక్కటే ఇబ్బంది, గొంతు పెగలడం లేదు. గుసగుసలాగా గాలి వస్తోంది. ఆ గాలి ఫోన్లో వింటే నువ్వు ఆ పూటే రైలెక్కుతావు. అందుకే రాస్తున్నాను. లోపల నరం కాస్త వాచింది, కొన్ని వారాల్లో గొంతు వస్తుందని డాక్టరు చెప్పాడు.

మొదటి నుంచి చెబుతాను. నింపాదిగా చదువు.

మొదటి లాక్‌డౌన్‌లో ఊరికొచ్చి, మషీన్లు మళ్లీ నడుస్తున్నాయని సేఠ్ కబురు చేస్తే తిరిగి వచ్చాను కదా. వచ్చినప్పటి నుంచి ఒంట్లో సత్తువ లేదు. ఎంత నీళ్లు తాగినా దాహం. ఎముకల్లో నొప్పి. పోగు తెగితే ముడి వేయడానికి వంగి, ఎందుకు వంగానో మరిచిపోయేవాణ్ణి. అడిగిన ప్రతివాడూ కరోనా నీరసం అన్నాడు. నాకు కరోనా వచ్చిందో లేదో కూడా తెలియదు, అయినా నేనూ అదే అనుకున్నాను.

పగలంతా మగ్గాల ముందు నిలబడేవాళ్లకు కాళ్లనొప్పులు మామూలే. మా షెడ్డులో దానికి ఒకటే మందు, కాల్షియం గోళీ. చీటీ లేకుండా మందుల షాపులో ఇస్తారు. నా పక్క మగ్గాల మీద పనిచేసే ఓదెలు, మన వేములవాడ దిక్కువాడే, తన డబ్బా నా చేతిలో పెట్టి "పొద్దుకొకటి, మాపుకొకటి ఏస్కో. గుర్రం లెక్క ఉరుకుతవ్" అన్నాడు. అదే సమయానికి నీ పార్సిల్ వచ్చింది. రాగిపిండి, దాంతో పాటు నువ్వు వేసుకునే కాల్షియం గోళీలు. నా కోసం నీవి తగ్గించుకుని పంపావని తెలుసు. అందుకని ఒక్కటి కూడా వదలకుండా వేసుకున్నాను.

చలికాలంలో మళ్లీ కిడ్నీ రాయి నొప్పి వచ్చింది. ఇది మూడోసారి. సూరత్ బోరు నీళ్లే కారణమని మేమంతా అనుకుంటాం. ఆసుపత్రిలో డాక్టరు నీళ్ల గురించి అడగలేదు. ఇంతకుముందు ఎప్పుడొచ్చింది, దాహం ఉందా, మలబద్ధకం ఉందా అని అడిగి, రక్తంలో కాల్షియం చూడమన్నాడు. ఎక్కువగా వచ్చింది. ఏమేం మందులు వాడుతున్నావని అడిగితే గోళీల సంగతి, రాగిజావ సంగతి గొప్పగా చెప్పాను. ఆయన కలం కింద పెట్టి, "జావ తాగు, పాలు తాగు. గోళీలు మాత్రం ఇవాళ్టి నుంచి బంద్" అన్నాడు.

గోళీలు మానాక మళ్లీ చూశారు. అయినా తగ్గలేదు. అప్పుడు ఇంకో పరీక్ష రాశాడు. నాకు థైరాయిడ్ పరీక్ష అంతకుముందే అయింది, బాగానే ఉంది. ఇది అది కాదట. థైరాయిడ్ వెనక పారాథైరాయిడ్ అని నాలుగు చిన్న గ్రంథులు ఉంటాయి. ఒక్కొక్కటి బియ్యపు గింజంత. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో చూసుకోవడమే వాటి పని. నాకు అందులో ఒకటి పెరిగి, ఆపకుండా పనిచేస్తోంది. ఎముకల్లోని కాల్షియాన్ని లాగి రక్తంలో పోస్తోంది. అది కిడ్నీలో రాయి అవుతోంది. నేను ఎముకలు గట్టిపడాలని గోళీలు వేసుకుంటే, రక్తంలో ఎక్కువైనదాన్ని ఇంకా పెంచుకున్నట్టే.

స్కానింగ్‌లో ఏ గ్రంథో తెలిసింది. తీసేస్తే సరిపోతుందన్నారు. తేదీ ఇచ్చేలోపు రెండో వేవ్ వచ్చింది. ఆసుపత్రి మంచాలన్నీ కరోనా వాళ్లకే. ఆగక తప్పలేదు. వాళ్లకన్నా నా అవసరం పెద్దది కాదని నాకూ తెలుసు. ఆ నెలల్లో నీకు ఫోన్లో "బాగున్నా" అన్నది పూర్తిగా నిజం కాదు. బావ అప్పుడు జ్వరంతో ఉన్నాడు, నీకు ఇంకో బరువు ఎందుకని చెప్పలేదు.

వానలు మొదలయ్యాక పిలిచారు. గొంతు నరం పక్కనే కోస్తాం కాబట్టి మాట కొన్నాళ్లు పోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. సునీత ఏడ్చింది. ఓదెలు మాత్రం, "మన షెడ్డుల గొంతుతోని ఎవనికి పనిరా? నోరు మెదిపితె సాలు" అన్నాడు. ఆమె ఏడుపులోనే నవ్వింది. తీసిన గ్రంథి చిక్కుడుగింజంత ఉందట.

మొన్న ఓదెలు చూడటానికి వచ్చాడు. లోపలికి రాకుండా గడప అవతలే కూర్చుని మాస్కు కిందికి లాగాడు. మగ్గాల చప్పుడులో పెదవులు చూసి మాట్లాడుకున్నట్టే గొంతు లేకుండా చాలాసేపు మాట్లాడుకున్నాం. మాస్కులు వచ్చినప్పటి నుంచి షెడ్డులో ఒకరి పెదవులు ఒకరికి కనబడక అందరం సగం చెవిటివాళ్లం అయ్యాం. ఆ కొరత తీరింది. సునీత మా ఇద్దరినీ చూసి చూసి, "ఏంది మీ ముచ్చట? నన్ను తిట్టుకుంటున్నరా? జర నాకు గూడ జెప్పుండ్రి" అంది.

ఇక అసలు విషయం. ఇంటికి పంపేముందు డాక్టరు, మీ ఇంట్లో ఇంకెవరికైనా రాళ్లు వచ్చాయా అని అడిగాడు. మా అక్కకు రెండుసార్లు అన్నాను. మామూలుగా ఇది ఇంట్లో ఒకరికి వస్తే ఇంకొకరికి రాదు, కానీ మీ అక్కకు చూడకుండా వదలొద్దు అన్నాడు.

అప్పటి నుంచి నాకు అమ్మ గుర్తొస్తోంది. చివరి రోజుల్లో తలాపున ఎప్పుడూ నీళ్ల చెంబు. నడుము వంగింది, మన పేర్లు తప్పు పిలిచేది. ముసలితనం అన్నాం. అది ఏమిటో ఇప్పుడు చెప్పలేం, అమ్మకు ఎవరూ పరీక్ష చేయలేదు. నీ వేళ్ల నొప్పి, నడుం నొప్పి బీడీలు చుట్టడం వల్లే అంటావు. కావచ్చు. నా నొప్పులు మగ్గాల వల్లే అని నేనూ అన్నాను.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. కాల్షియం గోళీలు ఈ రోజే పక్కన పెట్టు. నాకు ఇప్పుడు అవే గోళీలు ఇచ్చారు, ఆపరేషన్ తర్వాత పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కకుండా. అది చూసి "తమ్ముడు వేసుకుంటున్నడు గదా" అనకు. నాది తీసేశాక సంగతి, నీది చూడకముందు సంగతి. బావను తీసుకుని కరీంనగర్ వెళ్లు. కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను, రెండూ ఒకేసారి తీసిన రక్తంలో చూడమని అడుగు. థైరాయిడ్ ఒక్కటే చూసి పంపిస్తే వెనక్కి రాకు. మాట తడబడితే ఈ ఉత్తరమే డాక్టరు చేతికివ్వు. బీడీల కంపెనీ వాడు ఒకరోజు ఆగుతాడు.

సునీత మామిడికాయ తొక్కు అడగమంటోంది. రాగిపిండి కూడా పంపు, దానికి అడ్డులేదు. పెద్దనాన్నకు, చిన్నమ్మకు నా దండాలు చెప్పు. స్రవంతికి ఆశీస్సులు. నీ దీవెన మాకు ఎప్పుడూ ఉండాలి.

రిపోర్టు వచ్చిన రోజు స్రవంతి ఫోను నుంచి వీడియో కాల్ చెయ్యి. నా గొంతు వినబడకపోయినా ఫర్వాలేదు. సిరిసిల్లలో నాన్న మగ్గాల మధ్య పెరిగినవాళ్లం, పెదవులు చూస్తే చాలు మనకు. మాస్కు తీసి, వెలుతురులో కూర్చో. పరీక్షకు పోకుండానే "పోయిన తమ్మీ, అంత మంచిగనే ఉంది" అంటావేమో, గొంతు ఒక్కటే వినే ఫోన్లో అయితే నేను నమ్మేవాణ్ణి.

నీ తమ్ముడు,
శంకర్